బేస్ పెట్టె ఉన్న గది

ప్రోగ్రాం నుంచి రాగానే ఈశ్వరయ్య ముందు స్పీకర్ పెట్టె ముఖం తుడుస్తాడు, తర్వాతే తనది. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయిస్తాడు. బోరబండలో ఒంటిగది ఇల్లు. అందులో సగం ఆ పెట్టెదే. దానికి దసరా బొట్టు చెరగనివ్వడు. మాదాపూర్ కంపెనీల పార్టీలకు తీసుకెళ్దామంటే అది లిఫ్టులో పట్టదు. అయినా చిన్నదానికి మార్చమంటే, "చిన్నదాంట్లో గుండె అదరదు" అంటాడు.

చివరికి ఒక మధ్యాహ్నం, చిన్నదానితో మార్పిడికి చూడమని పెట్టెను దుకాణంలో దించి, ఏమీ తేల్చుకోకుండానే ఇంటికొచ్చాడు. భార్య ఓబులమ్మ కాళ్లు బారజాపి నిద్రపోతోంది. పాదాలు పెట్టె ఉండే చోటు దాకా వచ్చాయి. ముడుచుకుని పడుకోవడం ఆమె అలవాటనుకున్నాడు ఇన్నేళ్లూ. అలికిడికి ఉలిక్కిపడి కాళ్లు ముడుచుకుంది.

"పెట్టె తెచ్చినావా? బొట్టు పెట్టింది గదా, కాలు తగుల్తాదేమోనని..."

"ఇంగ తేనులే. జాపుకో" అన్నాడు తలెత్తలేక.

ఓబులమ్మ సరేనని, ముడుచుకునే పడుకుంది.