మాఫీ అన్న మాట

తెర మీద కెమెరా బొమ్మ పోగానే రికార్డర్ సన్నగా కూత పెడుతుంది. ఇవాళ దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాకు కెమెరాలు బాగుచేయడానికి వెళ్ళి, అది వినగానే నాకు వైర్ల కంటే ముందు ఖాజా భాయ్ గుర్తొచ్చారు.

నిజామాబాద్ మనిషి, దోహాలో నా మొదటి సూపర్‌వైజర్. మాట కటువు, నవ్వులో పరమ పిసినారి. టీ తాగుతున్నా ఎవరినో కోప్పడుతున్నట్టే ఉండేవారు. ఆయన్ను చూస్తే నాకు హడల్. కెమెరా పలకకపోతే వైరు నుంచి సాఫ్ట్‌వేర్ దాకా వరసగా చూడాలి, మధ్యలో ఊహలు చెబితే ఊరుకునేవారు కాదు.

ఒక ఉదయం గోదాము నుంచి పిలుపు వచ్చింది. గేటు కెమెరాలన్నీ నల్లబడ్డాయి. మేం వెళ్ళేసరికి జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన వాచ్‌మన్ లింగయ్య గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. డ్యూటీలో నిద్రపోవడానికి వైర్లు పీకాడని, ఇంటికి పంపేస్తానని అరబ్బు మేనేజర్ పట్టుబట్టాడు. ఆయన కోపంగా "కెమెరా మాఫీ" అన్నాడట. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే 'లేదు' అని. మన లింగయ్యకు తెలిసిందల్లా రుణమాఫీ. తనను దేనికో క్షమించారనుకుని రెండు చేతులూ జోడించాడు. మేనేజర్ దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకున్నాడు.

"నేను ముట్టనే లేదన్నా," అన్నాడు లింగయ్య. "ఇంటికి పంపుతే ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

ఖాజా భాయ్ రికార్డర్ ముందు కూర్చున్నారు. వైర్లు చూశాం, బాగున్నాయి. ల్యాప్‌టాప్ నుంచి పలకరిస్తే ప్రతి కెమెరా పలికింది. అంటే ఎవరూ ఏదీ పీకలేదు, రికార్డర్‌లోని సాఫ్ట్‌వేరే వాటిని అందుకోలేకపోతోంది. ఇంకొంచెం వెదికితే పాస్‌వర్డ్ తప్పని కనిపించింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. ముందురోజు కెమెరాల పాస్‌వర్డ్ మార్చింది ఆయనే. కొత్తది సాఫ్ట్‌వేర్‌లో వేయడం మరిచారు. పాత కనెక్షన్ ఉన్నంతసేపూ బొమ్మ వచ్చింది, ఉదయం రికార్డర్ ఆగి మళ్ళీ మొదలయ్యేసరికి పోయింది.

ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. మేనేజర్ వెనకే నిలబడ్డాడు. సాఫ్ట్‌వేర్ లోపం అనేసి లేస్తే లింగయ్యా బయటపడేవాడు, ఖాజా భాయ్ కూడా బయటపడేవారు. నిజం చెప్పి ఈ గోదాము కాంట్రాక్టు పోతే మా కంపెనీ ఆయన్ను ఉంచుతుందన్న నమ్మకం లేదు. ఆయన లేచి, పొరపాటు తనదని మేనేజర్‌కు అరబ్బీలో చెప్పారు. మాఫీ మాట దగ్గర జరిగిన గందరగోళం కూడా విడమరిచారు. తర్వాత లింగయ్య ముందు నిలబడి చేతులు జోడించారు.

"నా మతిమరుపుకు నువ్వు మాట పడ్డవ్. మాఫీ జెయ్యి, తమ్మీ."

లింగయ్య ఆ చేతులు పట్టుకుని ఏడ్చాడు. అతని ఉద్యోగం నిలిచింది. ఖాజా భాయ్‌ని మాత్రం ఆ గోదాముకు మళ్ళీ రానివ్వలేదు.

ఇప్పుడు నా కింద కొంతమంది పనిచేస్తున్నారు. ఏ తెర నల్లబడినా, ఎవరి మీదా వేలు చూపకముందే నిన్న నేనేం మార్చానో చూసుకుంటాను. ప్రతిసారీ భయం వేస్తుంది. అయినా చూసుకుంటాను.