పాడేరుకు వచ్చిన ట్రంకు పెట్టె

ఇది 1920ల నాటి మాట. పాడేరులో మా నాన్నకు ఉప్పు, బట్టల దుకాణం ఉండేది. మావారు సీమకెళ్లి బారిస్టరీ చదివి, మద్రాసులో లా ప్రొఫెసరయ్యారు. సముద్రం దాటినవాడి ఇంటికి పంపితే కులంలో వెలేస్తారని నాన్న నన్ను కాపురానికి పంపలేదు. నాలుగేళ్లలో ఆయన నుంచి ఒక్క ఉత్తరమూ రాలేదు. నేను రాసినవి నాన్నే టపాలో వేసేవాడు.

మావారు టైఫాయిడ్‌తో పోయిన నెలకు, మా మరిది కూలీలచేత ట్రంకు పెట్టె మోయించుకుని ఘాటీ ఎక్కి వచ్చాడు.

"అన్నయ్య కాయితాలొదినా. నీకే ఇచ్చీమన్నాడు," అన్నాడు.

పాఠాల నోట్సుల కింద ఉత్తరాల కట్ట ఉంది. అన్నీ నాకు రాసినవే. ఏదీ విప్పకుండానే టపాలో ఆయనకు తిరిగొచ్చాయి. ప్రతి కవరు మీదా "పుచ్చుకోవడం ఇష్టం లేదు" అని, దాని కింద సంతకంలా నా పేరు. ఆ దస్తూరీ నాన్నది. నేను రాసిన ఉత్తరాలు మాత్రం పెట్టెలో ఒక్కటీ లేవు.

అన్నిటికన్నా పైనున్న కవరు చింపాను. "నీకు నా మీద మనసు విరిగినట్టుంది. కారణం అడగను. అక్కడ చలిజ్వరాలెక్కువ, ఆరోగ్యం జాగ్రత్త," అని రాశారు.

నాన్న దుకాణం నుంచి అప్పుడే వచ్చాడు.

"ఏటి సేసినావు నాన్నా? నా పేరెందుకెట్టినావు?" మరిది ముందే అరిచాను.

"కులపోలు ఎలేత్తారని బయపడ్డానమ్మా. కొన్నాల్లకి అన్నీ సద్దుకుంతాయనుకున్నాను," అంటూ నాన్న గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లు నాన్నకు వండిపెట్టాను. మంచాన పడితే సేవా చేశాను. క్షమించావా అంటే ఇప్పటికీ చెప్పలేను. మావారు మాత్రం నేనే వద్దన్నానని నమ్మి వెళ్లిపోయారు.