బావ చెప్పిన మొదటి భాగం, నేను చూసిన రెండో భాగం

పోయిన ఆదివారం భోజనాలయ్యాక, దువ్వాడలో మేం ఈమధ్యనే కొనుక్కున్న ఫ్లాట్‌లో, మా ఆవిడ టీవీలో ఏదో వెతుకుతూ వెతుకుతూ ఒక నలుపు తెలుపు సినిమా దగ్గర ఆగింది. సముద్రంలోంచి ఒక రాకాసి లేచి రేవు పట్టణం మీదికి వచ్చే కథ. విదేశీ సినిమాకి తెలుగు మాటలు పెట్టారు. గీతలూ మచ్చలూ తుడిచేసి కొత్తగా తయారుచేసిన ప్రింటు. దాని పక్కనే రెండో భాగం కూడా ఉంది, రంగుల్లో. రెంటిలో ఏది బాగుంటుందని ఆవిడ అడిగితే, ఆలోచించకుండా మొదటిదేనని చెప్పేశాను. చెప్పాక గుర్తొచ్చింది, మొదటి భాగం నేనెప్పుడూ చూడలేదని.

చూడని సినిమా మీద అంత నమ్మకం ఎక్కడిదో తెలియాలంటే మా బావ సంగతి చెప్పాలి. బావంటే మా మేనమామ కొడుకు, నాకంటే కాస్త పెద్ద, అయినా అతనూ నన్ను బావా అనే పిలుస్తాడు. వాళ్లది నగరానికి ఆ చివర తగరపువలస, బజార్లో మావయ్యకి సైకిల్ షాపు ఉండేది. మేం నగరానికి ఈ చివర, స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చినవాడు కావడంతో ఆ చుట్టుపక్కల మాకు చుట్టాలంటూ ఉన్నది అమ్మ తరఫువాళ్లే, సెలవులకి వచ్చేదీ బావ ఒక్కడే. నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్రతి సినిమా అందరికీ దక్కేది కాదు, అందుకని చూసొచ్చినవాడు మిగతావాళ్లకి చెప్పితీరాలి. సాయంత్రం మా బ్లాకు మెట్ల మీద పిల్లలు పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా సర్దుకుని కూర్చునేవాళ్లు, చెప్పేవాడు కింద నేల మీద నిలబడేవాడు. ఆ నేల మీద చోటు కోసం నేను ఎంత ఆశపడ్డానో ఎవరికీ తెలియదు.

ఒక దసరా సెలవుల్లో బావ ఆ మొదటి భాగం చెప్పాడు. వాళ్ల ఊరి హాల్లో కొన్నాళ్లు ఆడి వెళ్లిపోయిందట. అతను చెప్పిన తీరులో రాకాసికి రూపం లేదు. ఊపిరి ఉంది, కొలిమి తిత్తి తొక్కినట్టు. తడి అడుగుల చప్పుడు ఉంది. లైటుహౌసేమో అచ్చం మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఉన్నదే. అన్నిటికంటే ఒక ఘట్టం, ఒడ్డున పాకలో ముసలమ్మ ఒకతె పొయ్యి ముందు కూర్చుని చేపలు వేయిస్తుంటే, రాకాసి వచ్చి తలుపు అవతల నిలబడుతుంది. ముసలమ్మ చేపల వేటకెళ్లిన కొడుకే అనుకుని వెనక్కి తిరక్కుండానే కేకలేస్తుంది. బావ గొంతు మార్చి అనేవాడు, "ఏటిరా, యేట నుంచొచ్చీసి గుమ్మంలో నిలబడిపోనావ్, కాళ్లు కడుక్కోని రా." రాకాసి కాసేపు నిలబడి, ఏమనుకుందో, వెనక్కి నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఆ మాట దగ్గర మా అమ్మ ఆరేసిన బట్టలు తీయడం మానేసి వినడం నేను చూశాను. నేను బడిలో ఫస్టు వచ్చిన సంగతి చెప్పినప్పుడు కూడా అమ్మ చేతిలో పని ఆగలేదు.

అందుకే రెండో భాగం జగదాంబ జంక్షన్ దగ్గరి హాల్లో పడిందని తెలియగానే నాన్నని పీడించి మొదటి రోజే వెళ్లాను. తెర మీద ఏది ముందో ఏది తర్వాతో తప్పకుండా గుర్తుపెట్టుకున్నాను. రాకాసి గుడ్డు దొరకడం, అది పెద్ద హోటలు ఈతకొలనులో పెరగడం, పొలుసుల రంగు మారడం, లిఫ్టెక్కి పై అంతస్తుకి పోవడం, చివరికి కరెంటు తీగలు తగిలి చావడం. మర్నాడు సాయంత్రం నేల మీద నిలబడి అన్నీ వరసలో చెప్పాను. ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ కలపలేదు. గుడ్డు పగిలేలోపే పై మెట్టు ఖాళీ అయింది. కింది మెట్టు మీద మిగిలిన మా చెల్లి మాత్రం నా మీద జాలితో కాసేపు కూర్చుని, లేచి గౌను దులుపుకుంది.

"అన్నియ్యా, నువ్వు లెక్కల మాస్టారు సెప్పినట్టు సెప్తన్నావ్. బావొచ్చాక వింటాంలే."

బావ వేసవిలో వచ్చాడు. రెండో భాగం అతను చూడలేదు, అది వాళ్ల ఊరు రానేలేదు. అయినా పిల్లలు చెప్పమన్నారు. చూడకుండా ఎలా చెబుతాడని నేను అడ్డుపడితే, అతను నావైపు వింతగా చూశాడు.

"సూడకపోతే ఏటి బావా, మొదట్ది తెలుసు కదా. దాని తరవాత ఏటవుద్దో తెలీదేటి?"

ఉండబట్టలేక లిఫ్టు సంగతి నేనే అందించాను. అది ఎక్కితే లిఫ్టులో ఇంకెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. "ఉంటారు బావా, లిఫ్ట్ తిప్పేవోడు ఉండడేటి?" అన్నాడు. ఆ తర్వాత మెట్ల మీద ఒక్కరూ కదల్లేదు. లిఫ్టు తిప్పే మనిషి వెనక్కి చూడకుండా ఏ అంతస్తని అడుగుతాడు. జవాబు రాదు. వీపు మీద నీటి చుక్క పడుతుంది. పైకప్పు కారుతోందేమో అనుకుంటాడు. లిఫ్టు నాది, చూసిన కళ్లు నావి, భయం మాత్రం అతనిది. ఆ రాత్రి అన్నంలో అమ్మ అతనికి ఇంకో గరిటె పప్పు వేస్తుంటే నాకు మింగుడుపడలేదు.

తర్వాత నేను ఇంజనీరింగ్ చదివి పోర్టులో క్రేన్ల మెయింటెనెన్స్‌లో చేరాను. బావ చదువు ఇంటర్‌తో ఆగింది. సైకిల్ షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపయింది. చూసేవాళ్లకి నేనే పైకొచ్చాను. కానీ పెళ్లిళ్లలో, సింహాచలం కొండకి అందరం కలిసి వెళ్లినప్పుడు, అతని చుట్టూ మూగే జనాన్ని నేను ఇప్పటికీ దూరం నుంచి లెక్కపెడుతుంటాను.

ఇన్నాళ్లకి ఆ ఆదివారం రెండు సినిమాలూ వరసగా చూశాను. రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం నాకు అలవాటైన పని. మొదటిదాంట్లో రాకాసి రబ్బరు తొడుగు వేసుకున్న మనిషి, వీపున కుట్టు తెలిసిపోతోంది. నీళ్లలోంచి లేచిన ప్రతిసారీ ఒకే అరుపు. రెండోదాంట్లో పనితనం మెరుగు, వేగం ఎక్కువ, లిఫ్టు సీను శుభ్రంగా తీశారు. నిజాయితీగా మార్కులు వేస్తే రెండోదే నెగ్గాలి. కానీ నా చూపంతా ముసలమ్మ కోసమే. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. పాక లేదు, పొయ్యి లేదు, చేపలు లేవు. చెల్లికి ఫోన్ చేస్తే, ఆ సీను కోసేసుంటారని తేల్చేసింది. ఆ సినిమాలో అదొక్కటే తనకి గుర్తుందట.

ఇక ఆగలేక బావకే ఫోన్ చేశాను. లేని సీను ఎందుకు చెప్పావని అడిగాను. అవతల షాపులో ఎవరికో చిల్లర ఇచ్చి పంపేసి, నవ్వాడు.

"నాను సినిమా ఎక్కడ సూసినాను బావా? బొమ్మ పడగానే భయమేసీసింది. అయ్య తువ్వాలు మొకం మీద కప్పీసుకోని అయిపోయీదాకా అలాగే కూకున్నాను. సప్పుళ్లు విన్నాను, అంతే."

నేను ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. తువ్వాలు కింద చీకట్లో, వినబడే ప్రతి చప్పుడుకీ తనే ఒక బొమ్మ తయారుచేసుకుంటూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇదివరకు లేని కొత్త అసూయ పుట్టింది. నేను కళ్లు మూసుకోలేదు. మూసుకోవలసినంత భయం నాకు ఏ సినిమాలోనూ వేయలేదు. ఇప్పుడు బావ కొడుకైతే రాకాసిని చూడకముందే దాని తొడుగు ఎలా కుట్టారో ఫోన్‌లో చూసేస్తాడు. మా క్వార్టర్స్ మెట్ల పక్కన బళ్లు నిలిపి తాళాలు వేస్తున్నారు, సాయంత్రం అక్కడ కూర్చునేవాళ్లు లేరు. ఎవరి సినిమా వాళ్ల చేతుల్లో ఉంది, ఒకరికొకరు చెప్పుకునే అవసరం తీరిపోయింది.

ముసలమ్మ ఘట్టం ఇంకోసారి చెప్పమని బావని అడిగాను. తనకి గుర్తు లేదన్నాడు. ముసలమ్మెవరని ఎదురడిగాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. సరే, నేనే మొదలుపెట్టాను. పాక ఎక్కడుందో, పొయ్యి ఎటువైపుందో, గుమ్మంలో తడి అడుగులు ఎలా ఆగాయో, నాకు చేతనైనట్టు వరసలోనే చెప్పుకుపోయాను. అవతల ఏ చప్పుడూ లేకపోతే లైను తెగిందేమోనని ఆగాను.

"అప్పుడేటయింది బావా?" అన్నాడు.

ఆ మాట కోసం మెట్ల కింద నిలబడి ఎన్ని సాయంత్రాలు ఎదురుచూశానో. వచ్చింది, నాకే వచ్చింది. చెబుతున్నది మాత్రం అతని కథే.