ముడుపులోని చార్మినార్ రూపాయి

పోయిన నెల ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాలులో పాత నాణేల ప్రదర్శన పెడితే, నావి కూడా రెండు బల్లల మీద పరిచి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం జనం పలచబడ్డాక నిర్వాహకులు మమ్మల్నందరినీ ఒకచోట చేర్చి, ఈ పిచ్చి ఎవరికి ఎట్లా పట్టిందో తలా నాలుగు మాటలు చెప్పమన్నారు. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన, భద్రాచలం యాత్రికులు రద్దీలో టికెట్టుకిచ్చిన పరదేశపు బిళ్ళలు డిపోలో తీసుకోకపోతే, పారేయబుద్ధి కాక దాచుకున్నానని చెప్పి నవ్వించాడు. ఒక టీచరమ్మ తన నాయనమ్మ పోపుల డబ్బా అడుగున దొరికిన చిల్లుకాణీ గురించి చెబుతూ కళ్ళు తుడుచుకుంది. నా వంతు వచ్చింది. మణుగూరులో క్వార్టర్లకు పునాదులు తవ్వుతుంటే పలుగుకు తగిలి చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి బయటపడిందని, అక్కడినుంచి వెనక్కి తిరిగి చూడలేదని, నలభై ఏళ్ళుగా చెప్పే కథే మళ్ళీ చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న నా భార్య కూడా కొట్టింది.

ఆ కథ అబద్ధం. పునాదీ లేదు, పలుగూ లేదు. నా ఈడువాళ్ళు, ఆ రోజులు ఎరిగినవాళ్ళు చదువుతారని అసలు సంగతి రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, రాతలో తప్పులుంటే మన్నించండి.

మాది తిరుమలాయపాలెం దిక్కు పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు, పెళ్ళైన కొత్తలోనే ఇద్దరం మణుగూరు చేరాం. గనిలో బొగ్గు నింపే పని దొరికింది. అప్పట్లో కాలనీ దాటితే అడవే. ఇప్పపూలు రాలే రోజుల్లో షిఫ్టు దిగి పైకి వస్తే, ముక్కుల్లో నిండిన బొగ్గుపొడిని దాటుకుని ఆ తీపి వాసన లోపలికి వచ్చేది. జీతం రోజు వేలిముద్ర వేసి, ఆ సిరా లుంగీకి తుడుచుకుంటూ ఎవరూ చూడకుండా బయటపడేవాణ్ణి. ఆఫీసులో హాజరు రాసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. టీ హోటల్లో కూర్చుని చిన్న రేకు పెట్టెలోంచి నాణేలు తీసి, ఇది ఫలానా రాజుది, ఇది ఫలానా ఏటిది అని చదివి చెబుతుంటే మేమంతా చుట్టూ చేరేవాళ్ళం. ఒకనాడు నేను చేయి చాపితే ఆయన పెట్టె మూసేశాడు.

"చూడురా, పట్టకు. సంతకమే రానోనికి సిక్కా మీది రాత ఏం తెలుస్తది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు చాలా రోజులు నాకు అరగలేదు. ఆయన దగ్గర లేని నాణెం ఒక్కటైనా తెచ్చి ఆయన ముందు పెట్టాలన్న పంతం పట్టుకుంది. లేనిదేమిటో ఆయన నోటితోనే విన్నాను: నిజాం కాలపు చార్మినార్ రూపాయి, అరగనిది.

ఆ వానాకాలం నాకు చలిజ్వరం వచ్చింది. అడవి పక్కన ఉన్నవాళ్ళకు అది కొత్త కాదు గానీ, నాకు తలకెక్కింది. దవాఖానాలో ఎన్ని రోజులు పడి ఉన్నానో నాకు తెలియదు. ఆ రోజుల్లోనే నా భార్య భద్రాచలం రాముడికి మొక్కి ముడుపు కట్టింది. ముడుపు అంటే మీకు చెప్పక్కర్లేదు, పసుపు గుడ్డలో రూపాయి పెట్టి, పసుపుదారంతో ముడివేసి, దేవుడి పటం దగ్గర తగిలించి, గండం గట్టెక్కాక కొండకు పోయి హుండీలో వేసి రావడం. రూపాయి ఏదైనా రూపాయే. కానీ ఆమె పెట్టింది వాళ్ళమ్మ రూపాయి. ఒడిబియ్యం పోసినప్పుడు బియ్యంతో పాటు ఒడిలో పడ్డది. ఆ తల్లి మరుసటి ఏడే పోయింది. ఇంట్లో అంతకంటే విలువైనది లేదు గనక, నా ప్రాణానికి అదే సరితూగుతుందనుకుంది పిచ్చిది.

నేను లేచి తిరుగుతున్నాను, ముడుపు మాత్రం మేకుకే వేలాడుతోంది. గోదావరి పొంగి రోడ్డు మునిగింది, బస్సులు ఆగిపోయాయి. నీళ్ళు తీశాక ఆమెకు వేవిళ్ళు. బస్సెక్కితే పేగులు బయటికి వస్తాయని, వచ్చే నెల పోదామని తనే వాయిదా వేసింది. ఒకనాడు ఆమె నల్లా దగ్గరికి నీళ్ళకు పోయినప్పుడు, ఏ రూపాయో చూద్దామని మాత్రమే ముడుపు విప్పాను. చార్మినార్ నాలుగు మినారులూ చెక్కుచెదరకుండా కనిపించాయి. ఆమె బిందె నింపుకుని వచ్చేలోగా నా జేబులోని మామూలు రూపాయి, అప్పటి పెద్ద బిళ్ళ, గుడ్డలో పెట్టి ముడి వేసేశాను. గుడ్డ మీంచి పట్టుకుంటే తేడా పెద్దగా తెలియదు. దేవుడికి రూపాయి కావాలి, రూపాయి ముడుతోంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్క కుర్చీ మీది గొడుగు తీసి, "కూసోరా" అన్నాడు. ఆఫీసు మనిషి నన్ను కూర్చోమనడం అదే మొదలు. ఆ కుర్చీ కోసమే ఆ పని చేశానని ఇప్పుడు తెలుస్తోంది. ఆయనే తన దగ్గర రెండేసి ఉన్నవి నాకు ఇచ్చాడు, సంతల్లో కంసాలుల దగ్గర ఎట్లా అడగాలో నేర్పాడు. అట్లా మొదలైంది.

తర్వాతి నెల భద్రాచలం పోయాం. ఆమె గోదావరిలో మునిగి, తడిబట్టలతోనే ముడుపు కళ్ళకద్దుకుని హుండీలో వేసింది. నేను పక్కనే ఉండి దండం పెట్టాను. ఇంకో నెలకు కడుపు పోయింది.

"నేనే ఆలిశం జేసిన. దేవుని పైసలు ఇంట్ల పెట్టుకొని నా సుఖం నేను జూసుకున్న" అని ఆమె గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. అప్పటినుంచి శనివారం ఒక్కపొద్దు పట్టింది. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టినా, పెళ్ళిళ్ళయి పోయినా ఆ ఒక్కపొద్దు మానలేదు. రూపాయి మార్చడం వల్ల కడుపు పోయిందని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ నమ్మకపోవడం నాకు సాకుగా పనికొచ్చింది. నమ్మింది ఆమె. నేనొక్క మాట చెబితే ఆమె నెత్తిమీది బరువు నా నెత్తిమీదికి వచ్చేది, అందుకే చెప్పలేదు.

వయోజనుల బడిలో నాలుగు అక్షరాలు పట్టుబడ్డాక, నాణేలన్నీ ఆల్బమ్ కవర్లలో సర్ది, ఒక్కో నాణెం కింద అది ఎక్కడ దొరికిందో చీటీ రాసి పెట్టుకున్నాను. ఆ రూపాయి కింద 'పునాదిలో దొరికినది' అని రాశాను. అక్షరం వచ్చి ఏడాది తిరగలేదు, అబద్ధం రాయడం వచ్చేసింది. ఆ ఆల్బమ్ ఆమె ఎన్నిసార్లు చూసిందో! చూసినప్పుడల్లా, "మా అమ్మ రూపాయి గూడ గిట్లనే ఉండె. రాముని దగ్గర సల్లగున్నది" అనేది.

ఖమ్మం నుంచి వచ్చిన వారంలోనే, శనివారం మధ్యాహ్నం, నాకు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెకు షుగరు ఉంది. పస్తులుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగానే తిట్టి పంపాడు. ఇంటికొచ్చి అరటిపండు ఒలిచి ఇస్తే మొహం తిప్పుకుంది.

"మొక్కు ఆలిశమైంది నా వల్ల. నా తిప్పలు నేను పడ్త. నడిమిట్ల నీకేందయ్యా?"

"ఆలిశం గాదే. అసలు ముట్టనే లేదు" అన్నాను.

మొత్తం చెప్పాను. ఆల్బమ్ తెచ్చి ముందు పెట్టాను. ఆమె రూపాయిని కవరులోంచి తీసి, అరచేతిలో పెట్టుకుని చూసింది.

"గప్పుడు నేను గోడకు తల కొట్టుకుంటుంటే నువ్వు ఏడున్నవ్?"

"ఇంట్లనే ఉన్న."

"ఇన్ని శనివారాలు నా ముంగట కూసొని కడుపునిండ తింటివి గదయ్యా."

రూపాయి కొంగున ముడివేసుకుంది. దాన్ని హుండీలో వేస్తుందో, బిడ్డలకు ఇస్తుందో అడిగే హక్కు నాకు లేదు.

ఇప్పుడు కాలం మారింది. పిల్లల జేబుల్లో చిల్లర గలగలలు లేవు, మొక్కులు కూడా ఫోనులోనే చెల్లుతున్నాయి. ప్రదర్శనకు వచ్చిన కుర్రకారు రూపాయి బిళ్ళను గాజు సామాను పట్టుకున్నట్టు పట్టుకుంటుంటే నవ్వొచ్చింది. పసుపు గుడ్డలు తగ్గాయి, వాటిని విప్పే నాలాంటి చేతులు కూడా తగ్గే ఉంటాయి. మంచిదే.

మొన్న శనివారం ఆమె పదకొండింటికల్లా వండి, నన్ను పిలవకుండా కంచం ముందు కూర్చుంది. నేను వంటింట్లోకి పోయి నాకు నేనే పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆమె తల ఎత్తలేదు. శనివారం పగటిపూట ఇద్దరం కలిసి అన్నం తినడం ఆమె ఒక్కపొద్దు పట్టాక ఇదే మొదలు. పప్పులో ఉప్పు తక్కువైంది. అట్లాగే కలుపుకుని తిన్నాను. పడుచు వయసులో, మణుగూరు అడవి మీద ఎండ కాస్తున్న ఆ మధ్యాహ్నాల్లో, రేకుల ఇంట్లో ఇద్దరం ఇట్లా ఎదురెదురుగా కూర్చుని, ఉప్పు చాలలేదని ఒకరినొకరు తిట్టుకుంటూ తినాల్సింది.