దొర సినిమాకు నేను చేసిన సాయం

నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడగలిగితే చాలు, ఆ కాలంలో మా హిందూపురంలో మనిషి కాళ్లు నేలమీద ఆనేవి కావు. పంతొమ్మిదివందల యాభైల చివర్లో కొత్తగా బడిపంతులునైన నేనూ ఆ బాపతే. పెనుకొండ బంగళాలో దిగిన ఇంగ్లండు సినిమా దర్శకుడికి దుబాసీ కావాలనగానే, తలకు ఇంత నూనె పట్టించి మరీ పరిగెత్తాను. ధర్మవరం బస్సులో దొర తన కథంతా చెప్పుకొచ్చాడు. పదహారో ఏట స్టూడియోలో నేల ఊడ్చే పనిలో చేరాడట. ఇరవై ఏళ్లు కష్టపడి దర్శకుడైతే, తీసిన పెద్ద సినిమాను వారం తిరక్కుండానే ఎత్తేశారట. మళ్లీ పిలిచిన నాథుడు లేడు. "నటుల మొహాలు చాలు, ఇక పనిచేసే చేతులే తీస్తాను," అన్నాడు. (ఇదేం పిచ్చి అనుకున్నాను, తల మాత్రం ఊపాను.)

ధర్మవరంలో మగ్గం తాత చేతులు చూసి దొర అక్కడే కూర్చుండిపోయాడు. మగ్గానికెక్కించిన పడుగులో అది చివరి చీర, జానెడు నేత మిగిలింది. "వెలుతురు చాలదు. రేపు పొద్దున ఈ జానెడూ నేస్తుంటే తీస్తాను, ఏమీ మార్చొద్దని చెప్పు," అన్నాడు. చెప్పాను. కాని ఆయన వీధి మలుపు తిరగ్గానే నా బుర్ర పనిచేసింది. గోచీ తాత, అరకొర చీర, మసిగోడలు! ఇంగ్లండులో మన పరువేం కావాలి?

"తాతా, ఇప్పుడే నేసి చీర కోసేయ్. గోడలకు సున్నం కొట్టండి. అందరూ పెండ్లిబట్టలు కట్టండి."

"ఏమీ మార్చొద్దని దొర చెప్పెనంటిరి గదా ఐవారూ?"

"ఆయనకేం తెలుసు మన మర్యాద!"

మర్నాడు దొర వచ్చేసరికి, కోటు తొడిగిన తాత, పట్టుచీర కట్టిన ఆయన ఇంటావిడ, ఖాళీ మగ్గం ముందు ఫొటోకు నిలబడ్డట్టు రెప్ప వాల్చకుండా నిలబడి ఉన్నారు. దొర మగ్గం వైపు చూశాడు, తర్వాత నా వైపు. "పోనీ, ఇంకో చీర ఎప్పుడు మొదలుపెడతాడు?" అన్నాడు. తాతను అడిగాను.

"ఇంగ యాడి చీర ఐవారూ! కండ్లు ఆనడం ల్యా. అదే కడాచీర. నా చేతులు సినిమాలో ఉంటాయంటే శానా సంబరపడితి."

అది చెప్పడానికి నా ఇంగ్లీషు చాల్లేదు, తల అడ్డంగా ఊపాను. దొర వాళ్లను నొప్పించకుండా ఆ వరసనే ఒక నిమిషం తీసి, కెమెరా పెట్టెలో పెట్టుకున్నాడు. ఏడాదికి ఉత్తరం రాశాడు. సినిమా పూర్తయింది, ధర్మవరం అందులో లేదు.

నేను ధర్మవరం పోయినప్పుడల్లా తాత అడిగేవాడు, "మన సినిమా వచ్చెనా ఐవారూ?" అని. ఒకనాడు తట్టుకోలేక, "వచ్చింది తాతా, నీ చేతులు చూసి అందరూ మెచ్చుకున్నారట," అనేశాను. తాత రెండు చేతులూ మొహం దగ్గరికి తెచ్చుకొని, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

నూనె తలతో దేశం పరువు నిలబెట్టిన ఆ కుర్ర పంతులు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, తాత చేతులు గుర్తొచ్చేదాకా.