ఎదురుకొట్టు మస్తానూ, నేనెక్కిన కొత్త ఓడా

కొత్త ఓడ మొట్టమొదటిసారి సముద్రంలోకి బయలుదేరుతుంటే అందులో ఎవరు ఎక్కుతారో తెలుసా మీకు? రెండు రకాలవాళ్ళు. ఓడ కట్టినవాళ్ళ చుట్టాలు, బుద్ధి తక్కువవాళ్ళు. మా వంశంలో ఓడలు కట్టినవాళ్ళు ఎవరూ లేరు.

అయ్యో, ఓడ మునిగిందా అని కంగారు పడకండి. ఓడ శుభ్రంగా తేలింది. మునిగింది నేనొక్కణ్ణే. అదీ ఒడ్డుకి చేరాక.

పర్చూరులో నాది ఎరువులు, పురుగుమందుల కొట్టు. రోడ్డుకి అవతల, సరిగ్గా నాకెదురుగా మస్తాన్‌వలీ కొట్టు. వాడిదీ అదే వ్యాపారం. ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం, ఒకే ఏడు తప్పాం. వాడంటే నాకు ప్రాణం. కాకపోతే వాడికేదైనా మంచి జరిగినప్పుడు ఆ ప్రాణం కాస్త గిలగిల కొట్టుకుంటుంది, అంతే.

ఒక ఏడు పురుగుమందుల కంపెనీ ఒకటి, సరుకు బాగా అమ్మిన డీలర్లని ఓడలో షికారు తిప్పింది. మస్తాన్ వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. నల్లి పట్టిన మిరపాకులా నా మొహం ముడుచుకుపోయింది.

వాడు తిరిగొచ్చాక మొదలయ్యాయి అసలు బాధలు. పొద్దున్నే కొట్టు తెరవగానే రైతులంతా వాడి బెంచీ మీద చేరేవాళ్ళు.

"బాబాయ్, ఓడ మీద ఈతకొలను ఉంది తెలుసా!"

"సముద్రంలో పోతా మళ్ళీ ఈతకొలను ఎందుకురా మస్తానూ?"

"అదే కదా బాబాయ్ దర్జా అంటే!"

నా కొట్లో మందు డబ్బా చేతిలో పట్టుకున్న రైతు కూడా, "కాస్త ఆగు శేషగిరీ, ఓడ సంగతి ఇని వస్తా" అని డబ్బా బల్ల మీద పెట్టి రోడ్డు దాటేవాడు. అట్నుంచి అటే వాడి కొట్లో మందు కొనుక్కుని ఇంటికి పోయేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. వాళ్ళకి ఎదురుకొట్టు ఓడ సంగతి తెలీదు పాపం.

అదైనా ఓర్చుకున్నాను. ఒకరోజు మస్తాన్ వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్ శేషగిరీ, నువ్వు కూడా ఒక్కసారి ఎక్కాలిరా. జన్మ ధన్యమైపోద్ది" అన్నాడు. జాలిగా అన్నాడు. ఆ జాలి కంట్లో పచ్చికారం పడ్డట్టు భగ్గుమంది. ఆ మధ్యాహ్నమే మా ఆవిడ రమాదేవిని బండి ఎక్కించుకుని చీరాల టూర్ల ఏజెంటు దగ్గరికి పోయాను.

"మంచి టైములో వచ్చారు సార్. చెన్నై నుంచి కొత్త ఓడ బయలుదేరుతోంది. ఇది దాని మెయిడెన్ వాయేజ్" అన్నాడు ఏజెంటు.

"అంటే ఏంటి బాబూ?" అంది రమాదేవి.

"మెయిడెన్ అంటే కన్య అండి. ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదన్నమాట. ఒక్క కుర్చీలో కూడా ఎవరూ కూర్చోలేదు మేడమ్."

నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరూ కూర్చోని కుర్చీ! మరి మస్తాన్ ఎక్కిందో? ఊళ్ళవాళ్ళందరూ ఎక్కి దిగి, ఎక్కి దిగి, అరిగిపోయిన సెకండ్ హ్యాండు ఓడ!

"ఏవండీ, కొత్త ట్రాక్టరు కొంటేనే మొదటి నెలంతా షెడ్డులో ఉంటుంది. ముందు ఎవరినైనా ఎక్కనివ్వండి. మనం తర్వాత పోదాం" అంది రమాదేవి.

"నీకు తెలీదు. మొదటివాడు మొదటివాడే" అన్నాను. లోకంలో తెలివైన మాటలన్నీ భార్యలు చెబుతారు, తెలివితక్కువ సంతకాలన్నీ భర్తలు పెడతారు.

చీరాలలో రైలెక్కి చెన్నై చేరాం. ఓడని చూసి రమాదేవి నోరు తెరిచింది. కొత్త బండికి తొక్కించడానికని నిమ్మకాయలు తెచ్చింది మహాతల్లి. "ఇంతదాన్ని నిమ్మకాయ మీద ఎట్టా ఎక్కిస్తారండీ?" అని చివరికి వాటిని సంచిలోనే ఉంచేసింది. ఆ నిమ్మకాయలు తొక్కించనందుకే అదంతా జరిగిందని ఆమె ఇప్పటికీ నమ్ముతుంది.

కొత్త ఓడలో లాభాలు లేవనను. అద్దాల మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. మనమే పీకి పారెయ్యొచ్చు, ఆ ఆనందం వేరు. తివాచీల మీద ముందుగా మన చెప్పుల గుర్తులే పడతాయి. రెయిలింగు మీద చెయ్యేసి దర్జాగా ఫొటో దిగాను, మస్తాన్‌కి పంపుదామని. రంగు ఇంకా ఆరలేదు. పర్చూరులో కుట్టించుకున్న కొత్త చొక్కాకి తెల్లని చార మిగిలింది. లాభాలు అక్కడితో సరి.

మా గది కార్డు మా గదికి తప్ప పక్క గదులన్నిటికీ పనిచేసింది. ఒక తలుపు తెరిస్తే లోపల బనీనుతో ఉన్న తమిళాయన ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తాడు. ఎవరో వచ్చి మా గది తెరిపించారు కదా, లోపల ఏసీ ఆగదు, తగ్గదు. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలు ఇంతకంటే వెచ్చగా ఉంటాయి. భోజనాల హాలు ఎటని యూనిఫారంలో ఉన్న కుర్రాణ్ణి అడిగితే, "నేనూ దానికోసమే తిరుగుతున్నాను సార్" అన్నాడు. ఈతకొలను ఉంది, నీళ్ళు పట్టలేదు. ఆ ఓడలో ఇంజను కంటే ఎక్కువ పనిచేసింది 'సారీ సార్' అనే మాటొక్కటే.

మర్నాడు పొద్దున స్నానానికి దిగి తలకి షాంపూ రుద్దుకున్నాను. నీళ్ళు ఆగిపోయాయి. పగిలిన పత్తికాయలా నిలబడి అరిచాను.

"రమా! నీళ్ళు!"

"కిటికీ నిండా నీళ్ళేగా కనపడతన్నాయి! మొదటివాడు మొదటివాడే అన్నారుగా, అనుభవించండి!"

దుప్పటితో తుడుచుకుని, చొక్కా తగిలించుకుని, కళ్ళు మండుతుంటే కెప్టెన్‌నే నిలదీద్దామని బయటికి దూకాను. సరిగ్గా అప్పుడే కెమెరా పట్టుకున్న కుర్రాడితో ఒక అమ్మాయి ఎదురొచ్చింది. విశాఖపట్నం పిల్లట, చక్కటి తెలుగు.

"సార్, మీరు తెలుగువారా? మా ఓడ ఎలా ఉందండి? వీడియో మా పేజీలో పెడతాం, అందరూ చూస్తారు."

అందరూ చూస్తారు! అందరూ అంటే? మస్తాన్!

నా నోటికి ఏమైందో నాకు తెలీదు. "అద్భుతం!" అన్నాను. "స్వర్గం అంటే ఇదే! భోజనానికి లోటు లేదు, చల్లదనానికి లోటు లేదు, నీళ్ళకైతే అసలు లోటే లేదు. పాత ఓడలెక్కి గొప్పలు చెప్పుకునేవాళ్ళని చూస్తే జాలేస్తోంది. ఒరేయ్ మస్తాన్! మస్తాన్‌వలీ! చూస్తన్నావా? ఓడంటే ఇదిరా!"

వెనక నుంచి రమాదేవి చొక్కా పట్టుకు లాగుతూనే ఉంది. చెవిలో ఇంకా నురగ ఉందని చెప్పడానికట.

తిరిగి చెన్నై చేరేసరికి జనం కౌంటరు మీద పడ్డారు. ఒకటే గోల. చివరికి మేనేజరు బయటికొచ్చి, ఇబ్బంది పడ్డవాళ్ళందరినీ ఇంకోసారి ఉచితంగా తిప్పుతామని చేతులు జోడించాడు. నేనూ మోచేతులతో తోసుకుని ముందుకెళ్ళాను. పక్కనే ఉన్న విశాఖ పిల్ల నా మొహం చూసి, మేనేజరు చెవిలో ఏదో చెప్పి, ఫోను చూపించింది.

"సార్, ఇందులో ఉన్నది మీరేగా?" అని ఆ పిల్ల చేత తెలుగులో అడిగించాడాయన.

"నేనే. కానీ..."

"మరి మీకు ఏ ఇబ్బందీ లేదు కదండీ."

"అయ్యా, మా గదిలో నీళ్ళే రాలేదు!" అంది రమాదేవి.

"నీళ్ళకైతే అసలు లోటే లేదన్నారు కదా సారు, మేడమ్."

వెనకున్న జనం నన్ను చూసిన చూపు నా శత్రువుకి కూడా వద్దు. బనీను తమిళాయనకి ఉచిత ప్రయాణం దొరికింది. నాకు ఒక టోపీ ఇచ్చారు. ఓడ బొమ్మ ఉన్న టోపీ.

అయినా ఏం ఫర్వాలేదనుకున్నాను. ఎందుకంటే పర్చూరు వచ్చి కొట్టు తెరవగానే, వీడియో చూసిన మస్తాన్ రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు. వాడి మొహంలో, నా కళ్ళతో నేను చూశాను, అచ్చమైన ఈర్ష్య!

"ఒరేయ్, నిజంగా అంత బావుందిరా?"

"బావుండటమా? నువ్వెక్కింది దాని ముందు చేపలు పట్టే పుట్టిరా!"

రమాదేవి దగ్గింది. నేను పట్టించుకోలేదు. వారం తిరక్కుండా మస్తాన్ భార్యతో కలిసి ఆ ఓడకే టిక్కెట్లు తీసుకున్నాడు. వాళ్ళు బయలుదేరిన రోజు నేను గుడికెళ్ళి మొక్కుకున్నాను. స్వామీ, ఎక్కువ అడగను. వాడు తలకి షాంపూ పెట్టుకున్నాక ఒక్క గంట నీళ్ళు ఆపు.

మస్తాన్ తిరిగొచ్చాడు. మొహం పున్నమి చంద్రుడు! మిఠాయి పొట్లంతో వచ్చి నన్ను కావలించుకున్నాడు.

"ఒరేయ్ శేషగిరీ! నువ్వు చెప్పింది సగం కూడా కాదురా! ఏం తిండి! ఏం మర్యాద! మొదటిసారి ఏవో చిన్న చిన్న లోపాలు వచ్చినయ్యంట, అన్నీ సరిచేశారంట."

"గది... గది ఎట్టా ఉంది?" అన్నాను.

"అది చెప్పాలి నీకు! ఓడెక్కగానే పెద్ద తెర మీద నువ్వే! మస్తాన్, మస్తాన్ అని అరుస్తున్నావు. ఆ మస్తాన్‌ని నేనే అని చెప్పానురా. అంతే! బాల్కనీ ఉన్న పెద్ద గది ఇచ్చారు, డబ్బు ముట్టుకోలేదు. కెప్టెన్ పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టారు. అంతా నీ దయేరా!"

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న పెద్దమనిషి ఎవరో గానీ ఆయన మొదటి ప్రయాణం చేసుండడు. మొదటిది రోత. రెండోదే వింత.

అందుకని, పాఠక మహాశయులారా, మిమ్మల్ని సాక్షులుగా పెట్టుకుని ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో ఓడే కాదు, కొత్త బస్సు, కొత్త హోటలు, ఆఖరికి కొత్త మంగలి షాపు అయినా సరే, మస్తాన్ వెళ్ళి వచ్చేదాకా నేను గడప తొక్కను. కెమెరా కనపడితే నోరు తెరవను. ఇది సత్యం.

మస్తాన్‌ని చూసి కుళ్ళుకోనని మాత్రం ఒట్టెయ్యలేదు, గమనించండి. చెయ్యగలిగిన వాటికే మనిషి ఒట్టెయ్యాలి.