తాతయ్య తలగుడ్డ

నా చిన్నప్పుడు మా గుండుగొలను తాటిచెట్లు ఎంత పొడవంటే, కాకులు పైకి చేరేలోగా రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకునేవి. నమ్మకండి. నేను గంపెడు చెబితే అందులో గుప్పెడే నిజం. ముందే ఒప్పుకుంటున్నాను.

కొల్లేటివాళ్లు తాటిబోదె తొలిచి దోనెలు చేసుకునేవారు. ఆ చెట్లు కోసిపెట్టేది మా తాతయ్య, ఆయన తమ్ముడు మా చిన్నతాతయ్య. వాళ్ల రంపానికి ఒక పిడి మా ఊళ్లో ఉంటే రెండోది ఆకివీడులో తేలేది.

రంపం పెట్టేముందు తాతయ్య, చెట్టు ఒరిగే వైపు కాకుండా వెనక్కి, కళ్లు మూసుకుని ఉత్తకాళ్లతో నడిచేవారు. ముల్లో మోడో తగిలితే తీసిపారేసి, మళ్లీ మొదటినుంచి నడక. దారి బాగుందనుకున్నాక చివర తన తెల్ల తలగుడ్డ పరిచేవారు. చెట్టు పటపటమంటే పైకి చూడకూడదు. రంపం వదిలేసి ఆ గుడ్డ దగ్గరికి పరుగెత్తాలి.

"పెళ్లిలో కూడా ఇంత మెల్లగా నడవలేదురా మీ తాత!" అనేవారు చిన్నతాతయ్య.

"నవ్వండి, నవ్వండి. చెట్టుకి మన వరసలు తెలీవు" అనేవారు తాతయ్య.

ఒకరోజు వాళ్లు వంగి రంపం లాగుతుంటే, నేను ఆ గుడ్డ తీసి పక్క గడ్డిలో పరిచాను. పని అయ్యాక తాతయ్య వెతుక్కుంటారు, చూసి నవ్వొచ్చని.

చెట్టు పటపటమంది. తాతయ్య తాను నడిచిన దారినే వచ్చేశారు. చిన్నతాతయ్య తల ఎత్తకుండా, తెల్లగా కనబడినవైపు పరుగెత్తారు. చెట్టు మెలితిరిగి అటే ఒరిగింది. మట్ట తగిలి కాలు బెణికింది. ఆయన కుంటుకుంటూ ఇంటికి నడిచొచ్చారు.

"గుడ్డ అక్కడెవరు పెట్టారండీ?" అని తోట రైతు అడిగాడు.

"నేనేనండీ. తొందరలో చూసుకోలేదు" అన్నారు తాతయ్య. నావైపు చూడనైనా చూడలేదు.

ఆ తర్వాత చిన్ననాన్నమ్మ బతికున్నంతకాలం తాతయ్యతో మాట్లాడలేదు. ఆయనా నా పేరు బయటపెట్టలేదు.

మళ్లీ కోతకు కొత్త జతగాడు వచ్చాడు. తాతయ్య కళ్లు మూసుకుని నడిచి, తలగుడ్డ విప్పి నా చేతికిచ్చారు.

"నువ్వే పెట్టరా. నేను దీన్ని చూసే పరుగెత్తుకొస్తాను."

చెట్టు నేలకొరిగేదాకా ఆ గుడ్డ కొస నా కాలికింద తొక్కిపట్టుకుని నిలబడ్డాను.

ఇప్పటికీ ఎవరైనా పెట్టిన వస్తువును నవ్వులాటకైనా జరపను. కాకుల సంగతి మీరే కొట్టిపారేసి ఉంటారు. రంపం నిజానికి మనిషి పొడవే. అవన్నీ గొప్పలు, అలవాటు. అచ్చంగా నేను కల్పించింది ఒక్కటే, చిన్నతాతయ్య ఇంటికి నడిచి రావడం.